ఎదుటివాడి చేతికి పట్టీ

ఎల్లాజీకి మంచినీళ్ళ మీద కూడా నమ్మకం పోయింది.

ఎవరైనా గ్లాసు అందిస్తే ముందు వాసన చూసేవాడు. బస్సులో ఆఖరి సీటు దొరక్కపోతే నిలబడే వెళ్ళేవాడు, వీపు వెనక ఎవరూ ఉండకూడదని. నిరుడు రేవు బాక్సింగ్ పోటీల్లో హెవీవెయిట్ ఆఖరి ఆటలో రైల్వే కాలనీ కుర్రాడు కొండలు కొట్టిన ఒక్క దెబ్బకి దవడ కదిలి పడిపోయాడు. అప్పట్నుంచీ ఇదే వరస. ఓడిపోయానని కాదు అతని బాధ. ఆ దెబ్బ ఉత్త చేతిది కాదని, గ్లవులో ఏదో ఉందని అతని అనుమానం.

ఆ అనుమానాన్ని మేపి పెంచింది మాత్రం టీ కొట్టు.

చేపల రేవు పక్కన పాత ఐసు షెడ్డులో రత్నం మాస్టారు ఎల్లాజీలాంటి కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పేవాడు. షెడ్డుకి ఎదురుగానే టీ కొట్టు. ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళలో ఒక్కడూ గ్లవు తొడిగిన పాపాన పోలేదు గాని, పాత ఛాంపియన్ల గురించి వాళ్ళకి తెలియంది లేదు. డాక్‌యార్డు డేవిడ్ గొప్పా, పెద సూరి గొప్పా అని ఎప్పటిదో తగవు. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. తగవు మాత్రం బతికే ఉంది.

"డేవిడ్ ఎడం సెయ్యి ఇసిరాడంటే సూరి కాదు, సూరి తాత కూడా నిలబడ్డు," అన్నాడు బంగారయ్య.

"రింగులో కదా? ఒప్పుకున్నాను. అదే ఇద్దర్నీ సంత రోడ్డు మీద ఒదిలీ. సూరి కొరికీగలడు," అన్నాడు కన్నబాబు.

"ఛాంపియన్ కొరకడమేట్రా, కుక్కలాగ!"

"రోడ్డు మీద గంట కొట్టీవోడుండడు బావా. రిఫరీ ఉండడు. ఎవుడి సేతిలో కత్తుంటాదో, ఎవుడి సేతిలో సీసా ఉంటాదో. అక్కడ ఒళ్ళు కాపాడుకున్నోడే మొనగాడు." కన్నబాబు గొంతు తగ్గించాడు. "ఆ మాటకొత్తే డేవిడ్ గ్లవులో గుర్రపు నాడా ఉండీదంట. మా నాన్న సెప్పీవోడు."

"మీ నాన్న సూశాడేటి?"

"సూసినోడు సెప్పాడు."

బల్ల చివర కూర్చున్న ఎల్లాజీ టీ గ్లాసు దించాడు. దవడ తడుముకున్నాడు.

ఆ సాయంత్రం రత్నం మాస్టారు టీకి వస్తే కన్నబాబే అడిగాడు.

"మాస్టారూ, మీరు సెప్పండి. రోడ్డు మీద ఎవుడో కత్తట్టుకుని అడ్డొచ్చాడనుకోండి. మీరేటి సేత్తారు?"

"ఇంటికెళ్ళిపోతాను."

"అదేటండి!"

"అన్నం సల్లారిపోతాది కదా."

బల్లంతా గొల్లుమంది. ఎల్లాజీ నవ్వలేదు. ఇంతకాలం గుద్దులు నేర్పినవాడు పారిపోతానంటాడేమిటి? ఈయన అసలు విద్య దాస్తున్నాడా? లేక దాచడానికి ఈయన దగ్గర ఏమీ లేదా? ఎటు తిప్పి చూసినా అనుమానంగానే ఉంది.

మరో రోజు ఇంకోటి కంటబడింది. రత్నం మాస్టారు, కొండలుకి నేర్పే రహీం మాస్టారూ బల్ల చివర కూర్చుని ఒక్క టీని కప్పులో సగం, సాసర్లో సగం పోసుకుని తాగుతున్నారు. తలలు దగ్గరపెట్టి ఏదో చెప్పుకుంటున్నారు. ఎల్లాజీ రహీం మాస్టారు వెళ్ళిందాకా ఆగి అడిగాడు.

"ఆయనతో ఏటి మాటలు మాస్టారూ?"

"మోకాలి నొప్పికి ఏదో నూనె మంచిదన్నాడు."

"అంతేనా?"

"నూనె పేరు కూడా సెప్పాడు."

అది జవాబులా లేదు. నన్ను అమ్మేసి నూనె కబుర్లు చెబుతున్నాడు, అనుకున్నాడు ఎల్లాజీ.

ఈ ఏడు కూడా ఆఖరి ఆటకి కొండలే ఎదురొచ్చాడు. ముందు రోజు ఎల్లాజీ తన తండ్రి వల అంచున బరువుకి కట్టిన సీసపు గుళ్ళలో ఒకటి కోసుకున్నాడు. గుప్పిట్లో చక్కగా ఇమిడింది. వాడు పెట్టుకోగాలేంది నేను పెట్టుకుంటే తప్పా? ఇది మోసం కాదు, నన్ను నేను కాపాడుకోవడం. అలా చెప్పుకున్నాడు తనకి తనే. అది తగిలిన దవడ మళ్ళీ గట్టి ముద్ద నమలదని అతనికి తెలుసు. తెలిసే నిక్కరు అంచున దోపుకున్నాడు.

పోటీకి ముందు చేతులకి గుడ్డ పట్టీలు చుడతారు, వేళ్ళ ఎముకలు విరక్కుండా. చుట్టేటప్పుడు ఎదుటి పక్షం మనిషొకడు దగ్గర కూర్చుని చూడాలి. లోపల ఏమీ దాచలేదని తేలాక ఆ మనిషి పట్టీ మీద పెన్నుతో గీత గీస్తాడు. అప్పుడు గ్లవు. ఎల్లాజీ ఎత్తుగడ ఒక్కటే. గీత పడ్డాక, గ్లవు తొడిగేలోపు, గుండు గుప్పిట్లోకి జారాలి.

ఆట నాడు గదిలో ఎల్లాజీ కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండలేక మాటిమాటికీ నడుం తడుముకుంటున్నాడు. రత్నం మాస్టారు చూశాడు. పట్టీల చుట్టలు తీసి అతని చేతిలో పెట్టాడు.

"పక్క గదిలోకెల్లు. కొండలు సేతులు నువ్వు కట్టు."

"సూడ్డానికాండి?"

"కట్టడానికి. నీ సేత్తో కడితే లోపలేటుందో నీకన్నా బాగా ఎవుడికి తెలుస్తాది?"

ఇందులోనూ ఏదో మతలబు ఉందనే అనిపించింది ఎల్లాజీకి. అయినా పక్క గదికి వెళ్ళాడు.

పట్టీలతో వచ్చిన అతన్ని చూడగానే కొండలు లేచి నిలబడ్డాడు.

"ఈడు కట్టడమేటండి? ఒదులుగా కట్టీసి నా ఎముకలు ఇరగ్గొట్టడానికా? మాస్టారూ, ఇందులో ఏదో ఉంది!"

రహీం మాస్టారు స్టూలు మీద నుంచి లేవలేదు. పంట్లాం పైకి మడుచుకుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. గదంతా దాని ఘాటే.

"రత్నం పంపాడంటే ఊరికే పంపడు," అన్నాడు. "అంత భయమైతే వాడి చేతులు నువ్వు కట్టు. చెల్లుకి చెల్లు."

కొండలు అయిష్టంగానే కూర్చుని కుడిచెయ్యి బల్ల మీద చాపాడు. ఎల్లాజీ ఒక్కో వేలూ ఒత్తి చూశాడు. అరచెయ్యి తిప్పి చూశాడు. వేళ్ళ సందులు విడదీసి చూశాడు. ఉత్త చెయ్యి. నడిమి వేలి మొదట్లో మాత్రం గట్టిగా ఏదో తగిలింది. చర్మం కింద ఎముక బొడిపెలా లేచి ఉంది. నొక్కేసరికి కొండలు పెదవి కొరుక్కున్నాడు.

"ఇదేటి?"

"నీ దవడే."

ఎల్లాజీ తలెత్తాడు.

"నిరుడు నిన్ను కొట్టినప్పుడు ఇరిగింది. అతుక్కుంది గాని తిన్నగా అతుక్కోనేదు. వానాకాలమంతా ఎడం సేత్తో అన్నం తిన్నాను, మా యమ్మ తిడతన్నా." కొండలు కాస్త ముందుకి వంగాడు. "నిజం సెప్పు. ఆరోజు నోట్లో ఏటెట్టుకున్నావు? పళ్ళ మజ్జిన ఇనప బిళ్ళెట్టుకుని దిగావంట కదా?"

"ఎవులన్నారు?"

"మా కాలనీ టీ కొట్టుకాడ అందరికీ తెలుసు."

ఎల్లాజీ పట్టీ అంచు బొటనవేలికి తగిలించి చుట్టడం మొదలుపెట్టాడు. మణికట్టు దాటి వేళ్ళ మొదళ్ళ దాకా వచ్చాడు. అక్కడ ఒక్క మడత తగ్గిస్తే చాలు. మొదటి గుద్దుకే కొండలు ఆట ముగుస్తుంది. కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

అతని చెయ్యి ఆగింది.

కొండలు పట్టీని చూడటం లేదు. ఎల్లాజీ ముఖం కేసే చూస్తున్నాడు.

ఎల్లాజీ కాస్త దూది తీసుకున్నాడు. మెత్తగా మడిచి, ఆ బొడిపె మీద పెట్టి, దాని మీంచి పట్టీ తెచ్చాడు.

"గుప్పిట ముయ్యి. బిగువైందా?"

కొండలు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "సరిపోయింది," అన్నాడు. రెండో చెయ్యి కూడా అయ్యాక, "ఏదీ, నీ సెయ్యి ఇటు తే," అన్నాడు.

అతనూ నిదానంగానే కట్టాడు. రహీం మాస్టారు నూనె చేతులు తుడుచుకుని వచ్చి ఎల్లాజీ పట్టీల మీద గీతలు గీశాడు.

రింగు చుట్టూ జనం. టీ కొట్టు బల్లంతా ముందు వరసకే తరలివచ్చింది. "గ్లవులు సూడండర్రా, గ్లవులు! నాడా ఉంటాది!" అని కన్నబాబు అరుస్తున్నాడు.

మూలన రత్నం మాస్టారు గ్లవు నోరు తెరిచి పట్టుకున్నాడు. ఎల్లాజీ చెయ్యి చాచాడు. మాస్టారు తొడగలేదు. గ్లవు అలాగే పట్టుకుని, అతన్ని కాకుండా జనాన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఎల్లాజీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నడుం దగ్గర వెతికాడు. పక్కనున్న ఇనప బకెట్లో ఏదో ఠంగుమని పడింది.

రత్నం మాస్టారు బకెట్టు వైపు చూడలేదు.

"ఇప్పుడెట్టు సెయ్యి," అన్నాడు. "బేగి కానీ. ఇంటికాడ అన్నం సల్లారిపోతాది."