సీలు విప్పని ఫోను

జ్ఞానంవారిలంకలో తెలివికి కరువు లేదు. అందులోనూ గవర్రాజు ఇంట్లో అయితే గాదెల కొద్దీ ఉంది. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు. గవర్రాజే అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెబుతుంటాడు. ఋజువు కూడా చూపిస్తాడు. పోయినేడు గోదారి పొంగినప్పుడు ఊరంతా సామాన్లు మోసుకుంటూ నానా హైరానా పడుతుంటే, ఆయనొక్కడూ తాపీగా డాబా ఎక్కి నిచ్చెన పైకి లాగేసుకున్నాడు. నిచ్చెన లేకపోతే వరద పైకెలా ఎక్కుతుంది? ఎక్కలేదు. భార్య మంగతాయారూ, తమ్ముడు భద్రమూ మొలలోతు నీళ్ళలో కిందే ఉండిపోయారన్నది వేరే సంగతి. వాళ్ళు కూడా నీళ్ళలో నిలబడే ఆ తెలివికి చప్పట్లు కొట్టారు.

ఆ ఇంటివాళ్ళు పూతరేకులు చేసి అమ్ముతారు. భద్రానికి ముప్ఫై రెండేళ్ళు. పది సంబంధాలు వచ్చిన దారినే పోయాయి. పదకొండోది టౌన్లో బట్టలు కుట్టే శేషుకుమారి. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి కన్నబాబు, "మా అమ్మాయిని బాగా చూసుకోవాలి బాబూ" అన్నాడు. అంతే, భద్రం రెప్ప వాల్చకుండా అరగంట చూశాడు. అంతకుముందు వచ్చిన పెళ్ళికొడుకులు ఇంటికి ఎన్ని గదులో చూశారు, కుట్టుమిషను ఖరీదెంతో చూశారు. తనని చూసినవాడు ఇతనొక్కడే అని శేషుకుమారి మనసు కాస్త మెత్తబడింది. భద్రానికైతే ప్రాణం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

"ఆషాఢం వెళ్ళేలోపు అమ్మాయే ఫోన్ చేసి చెబుతుందండి," అన్నాడు కన్నబాబు. "మీ నంబరు పంపండి. ఫోన్ ఎత్తకపోతే మీకిష్టం లేదనుకుంటాం. ఇంకో సంబంధం తయారుగా ఉంది మరి."

ఇంకేముంది, ఇంట్లో ఫోనే లేదాయె! ముగ్గురూ టౌన్లోనే ఆ పక్క వీధిలో ఉన్న ఫోన్ల కొట్ల మీద పడ్డారు. ఎదురెదురుగా రెండు కొట్లు. ఒకటి చిలక కంపెనీది, ఒకటి పావురం కంపెనీది.

చిలక కొట్లో అమ్మాయి చెప్పింది: "ఇరవై నాలుగు వాయిదాలండి. పన్నెండు కట్టాక ఈ ఫోన్ మాకిచ్చేసి కొత్తది పట్టుకెళ్ళచ్చు. అక్కణ్ణించి వాయిదాలు మళ్ళీ మొదలు."

పావురం కొట్లో గుమాస్తా అంతకంటే తియ్యగా చెప్పాడు. "అంతకాలం ఎందుకండీ? మాకు ఆర్నెల్లు చాలు. నెలకి కాస్త ఎక్కువ కడితే ఏడో నెలలో కొత్త ఫోన్. ఒకటే షరతు. కొన్నప్పుడు ఎలా ఉందో, తిరిగి ఇచ్చేటప్పుడూ అలాగే ఉండాలి." ఆ పైన గొంతు తగ్గించి, "ఈ రోజుల్లో ఏదైనా ఒకేసారి ఇచ్చేసేవాడు వెర్రివాడండి. తెలివైనవాడు అన్నీ వాయిదాల్లోనే ఇస్తాడు" అన్నాడు. ఆ మాట గవర్రాజు మనసులో మేకు కొట్టినట్టు దిగింది.

"రెంట్లో ఏది మంచిదంటారండీ?" గుమాస్తాని అడిగాడు భద్రం.

"నేను చెప్పకూడదండి. రెండు కొట్ల షరతుల కాగితాలూ ఇంటికి పట్టుకెళ్ళి, పక్కపక్కన పెట్టి, తూచి చూసుకోండి."

పట్టుకెళ్ళారు. పంచదార తూచే తరాజు తీశారు. ఒక పళ్ళెంలో చిలక, ఇంకో పళ్ళెంలో పావురం. ముల్లు కదలదే!

"మనకొచ్చే లాభం కదండీ, ఎక్కువ తూగిందే మంచిది," అంది మంగతాయారు.

"మనం కట్టే బాకీయే, తక్కువ తూగాలి," అన్నాడు గవర్రాజు.

మాటా మాటా పెరిగింది. ఆ విసురులో మంగతాయారు నెయ్యి చెయ్యి పావురం కాగితం మీద పడింది. అంతే, పళ్ళెం కిందికి దిగింది. "నెయ్యి పడ్డ చోటే లక్ష్మి ఉంటుంది" అని ఆవిడ తేల్చేసింది. నవ్వకండి. చిన్నక్షరాలన్నీ చదివాకే ఫోన్ కొన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, చూస్తాను.

మర్నాడు ఫోన్ కొన్నారు. సిమ్ము వేసిస్తానని గుమాస్తా డబ్బా మీద చెయ్యి వేస్తే గవర్రాజు ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ఒరే భద్రం, కొన్నప్పుడు ఇది ఎలా ఉంది?"

"సీలేసిన డబ్బాలో ఉందన్నయ్యా."

"అయితే అలాగే ఉండాలి."

సిమ్ముని డబ్బా పైన టేపుతో అంటించి, నంబరు కన్నబాబుకి పంపించారు. భద్రానికి మాత్రం చిన్న అనుమానం మిగిలింది. "మరి ఆవిడ ఫోన్ చేస్తే ఎలాగన్నయ్యా?"

"చెయ్యనీ. ఫోన్ మనింట్లోనే ఉందిగా, ఎక్కడికి పోతుంది?"

ఆ మాటకి తిరుగేముంది! డబ్బాకి గీత పడకుండా నాలుగు పొరల పూతరేకులు చుట్టి పీట మీద పెట్టారు. భద్రం తిండీ నీళ్ళూ అక్కడికే తెప్పించుకుని, డబ్బాకి చెవి ఆనించి కూర్చున్నాడు. రేకుల తీపికి చీమలు పట్టాయి. చీమ కుట్టినప్పుడల్లా కబురొచ్చిందని ఉలిక్కిపడేవాడు.

"ఏమంటోందయ్యా మీ ఆవిడ?" అని అడిగేది మంగతాయారు.

"ఏమీ అనట్లేదు వదినా. సిగ్గుపడుతున్నట్టుంది."

"మంచి పిల్లే!"

ఇలా పన్నెండు రోజులు గడిచాయి. ఆషాఢం ఇంకో మూడు రోజులుంది. అప్పుడు టౌన్ నుంచి నెయ్యి తెచ్చే నూకాలు వచ్చి చెప్పింది. "ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేస్తోందంటండి. 'మీరు పిలుస్తున్న వ్యక్తి అందుబాటులో లేరు' అని ఎవరో ఆడమనిషి చెప్పేస్తోందంట."

గవర్రాజు భగ్గుమన్నాడు. "ఎవర్తె అది? మావాడు పన్నెండు రోజుల్నించి పీట దగ్గర్నించి లేవలేదే!"

"ఆ రెండో సంబంధం వాళ్ళు పెట్టిన మనిషే అయి ఉంటుందండీ," అంది మంగతాయారు.

భద్రానికి భయం పట్టుకుంది. శేషుకుమారి చెయ్యి జారిపోతోంది. ఆ భయంలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంతంగా ఆలోచించాడు. "అందుబాటు అంటే చెయ్యి చాపితే అందేంత దూరం కదన్నయ్యా? ఎనిమిది మైళ్ళ అవతల్నించి ఆవిడ చెయ్యి ఇక్కడికెలా అందుతుంది?"

అన్నా వదినా నోరు వెళ్ళబెట్టారు. ఇంత చిన్న సంగతి తమకెందుకు తట్టలేదా అని తెగ బాధపడ్డారు. భద్రం డబ్బా చంకన పెట్టుకుని, ఎర్రటి ఎండలో ఎనిమిది మైళ్ళూ నడిచాడు.

శేషుకుమారి మిషను ముందు కూర్చుని చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉంది. భద్రం వెళ్ళి సరిగ్గా ఆవిడకి చేతి దూరంలో నిలబడ్డాడు. ఫోన్లోంచి మళ్ళీ అదే గొంతు: "అందుబాటులో లేరు."

"అబద్ధమండీ!" అని అరిచాడు భద్రం. "ఇదిగో, ఉన్నాను. కావాలంటే చెయ్యి చాపి చూడండి!"

ఆవిడ బట్టలు కొలిచే టేపు తీసి దూరం కొలిచింది. ఇరవై అంగుళాలు. "నిజమే, అందుబాటులోనే ఉన్నారు," అంది నవ్వాపుకుంటూ. "మీ ఫోనేది?"

"ఇందులో ఉందండి."

"బయటికి తియ్యండి."

"తీస్తే ఏడో నెలలో కొత్తది రాదండి."

"సరే, ఎదురుగానే ఉన్నారుగా. నోటితోనే చెప్పేస్తాను. నాకు..."

భద్రం రెండు చెవులూ మూసేసుకున్నాడు. "వద్దండీ! ఫోన్లో చెబుతామన్నారు మీ నాన్నగారు. పెద్దవాళ్ళ మాట తప్పకూడదు."

శేషుకుమారి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "అయితే వినండి. ఆ డబ్బాకి సీలైనా ఉండాలి, మీ ఇంటికి నేనైనా రావాలి. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

భద్రం డబ్బా వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. అన్నయ్య మొహం కళ్ళ ముందు మెదిలింది. కానీ ఆ అరగంట గుర్తొచ్చింది. కత్తెర తీసుకుని, కళ్ళు మూసుకుని, సీలు సర్రున కోసేశాడు. ఆవిడ కుట్టు సూదితోనే సిమ్ము అర తెరిచి, సిమ్ము వేసి, తన ఫోన్లోంచి చేసింది. ఫోన్ మోగింది. భద్రం చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నాకిష్టమే," అంది శేషుకుమారి.

"ఒక చెవిలో ఫోన్లోంచి వినపడిందండి, ఇంకో చెవిలో ఎదురుగా వినపడింది. ఏ చెవిని నమ్మమంటారు?"

"రెండిట్నీ," అంది ఆవిడ. భద్రం అక్కడే నిలబడి సంతోషంతో బావురుమన్నాడు.

ఇంటికొచ్చాక బావురుమనడం గవర్రాజు వంతయింది. "ఏడో నెల ఫోన్ గంగలో కలిపావు కదరా!"

"పెళ్ళి కుదిరింది కదన్నయ్యా."

"అయితే ఆ పెళ్ళిలోనే నష్టం పూడ్చాలి. ఇహ మీదట ఏదీ ఒకేసారి ఇవ్వం. గుమాస్తా చెప్పలేదూ?"

శ్రావణంలో ముహూర్తం. మేళగాళ్ళకి తాంబూలంలో ఆకులిచ్చి, వక్కలు వచ్చే నెలన్నారు. పురోహితుడికి పంచె ఇచ్చి, ఉత్తరీయం కార్తీకంలో అన్నారు. అందరూ పెళ్ళివారి వేళాకోళమనుకుని నవ్వుకున్నారు. గట్టిమేళం మోగింది. భద్రం మొదటి ముడి వేశాడు. అంతే, గవర్రాజు ఒక్క దూకున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా వెర్రివాడా! మూడూ ఒకేసారి ఇచ్చేస్తావా? నెలకొకటి."

మేళం ఆగింది. మంత్రం ఆగింది. కన్నబాబు అక్షింతలు పట్టుకున్న చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. వదులుగా ఉన్న తాడు పట్టుకుని భద్రం అన్నయ్యనీ, పెళ్ళికూతుర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

శేషుకుమారి తలెత్తింది. ఈ దెబ్బతో బుద్ధొస్తుందనుకుంది పాపం. "అలాగే కానివ్వండి బావగారూ. నేనూ కాపురానికి వాయిదాల్లోనే వస్తాను. ఈ నెల నా కుట్టుమిషను పట్టుకెళ్ళండి. వచ్చే నెల నా పెట్టె. మూడో ముడి పడ్డాక నేను."

గవర్రాజు కళ్ళు చెమర్చాయి. "ఎంత తెలివి! ఎంత తెలివి! మనింటికి తగిన కోడలే!"

ఇంకేముంది, కుట్టుమిషనుని పూలబండి ఎక్కించి, మేళతాళాలతో జ్ఞానంవారిలంక తీసుకొచ్చారు. మంగతాయారు గుమ్మంలో హారతిచ్చి, దిష్టి తీసి, కుడికాలు ముందు పెట్టమంది. మిషనుకి ఉన్నవేమో నాలుగు కాళ్ళు. అందులో కుడికాలు ఏదో తేలడానికి గంట పట్టింది. చివరికి రెండు కుడికాళ్ళూ ఒకేసారి ఎత్తించి లోపలికి దింపారు.

భద్రం దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. బాగా చూసుకోవాలని మామగారు చెప్పారు కదా. రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు.