ఆగ్నేయపు అతిథి

ఒకానొక రాజ్యంలో ప్రతాపధవళుడనే రాజు ఉండేవాడు. ఆయన పేరు ఒక్క వందిమాగధుడికి ఒక్క ఊపిరిలో పూర్తయ్యేది కాదు. అందుకని ఇద్దరిని పెట్టుకున్నాడు. మొదటివాడు "రాజాధిరాజ, రణరంగభైరవ" అని ఎత్తుకుంటే, రెండోవాడు "అరిగజకేసరి, ప్రతాపధవళ భూపాల" అని ముగించేవాడు. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్ళీ మొదటినుంచి మొదలు.

ఆ రాజ్యానికి వాయవ్యాన, కొండల్లో ఒక సీమ ఉంది. అక్కడ ఉండేవాళ్ళు ఎక్కువమంది పష్తూన్లు. మనం పఠాన్లు అంటామే, వాళ్ళే. రాజధానికి వాయవ్యాన ఉంది గనక దానికి 'వాయవ్య సీమ' అని రాసి చేతులు దులుపుకున్నారు, పుట్టిన పిల్లకు పేరు పెట్టే తీరిక లేక 'మూలగది పిల్ల' అన్నట్టు.

ఆ సీమ పెద్ద తోర్యాలై ఖాన్ ఒకనాడు కొలువుకు వచ్చాడు. అది మూడోసారి.

"మహారాజా, మా నేలకు మా పేరు పెట్టండి. కిందటి యుద్ధంలో మీకోసం మావాళ్ళు నలభైమంది పోయారు. వీరగల్లు మీద ఏం చెక్కించారు? 'వాయవ్య దిక్కువారు నలుబదిమంది' అని. అందులో నా తమ్ముడున్నాడు. వాడు దిక్కు కాదు, మనిషి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "ఎటు ఉందో తెలిస్తే సైన్యం పోతుంది, ఫర్మానా పోతుంది. ఇంకా పేరెందుకయ్యా? పైగా ఆ లోయల్లో వేరే భాషవాళ్ళూ ఉన్నారు. మీ పేరు పెడితే వాళ్ళొచ్చి నా ప్రాణం తీస్తారు. నాలుగోసారి ఈ మాట ఎత్తావా, నీ తలపాగా ఇక్కడ విప్పి పెట్టి పోవాలి."

పఠానుకు తలపాగా పోవడమంటే తల పోవడమే. ఖాన్ ముఖం ఎర్రబడింది. చెయ్యి తలపాగా మీదికి పోయింది.

అప్పుడు గుండన లేచాడు. కొలువులో దక్షిణపు వరసలో కూర్చునేవాడు. ఉద్యోగం ఫలానా అని లేదు. రాజుగారికి కోపం వచ్చినప్పుడు నవ్వించడం, నవ్వొచ్చినప్పుడు ఆలోచింపజేయడం అతని పని.

"ఆహా! ఎంతమాట సెలవిచ్చారు! ఇది తాటాకు మీద రాయించి ముద్ర వేయించాలి ప్రభూ."

రాజు పొంగిపోయాడు. 'దిక్కు తెలిసిన చాలును, పేరుతో పనిలేదు' అని రాయించి ముద్ర వేశాడు. గుండన ఆ ఆకును భద్రంగా నడుముకు దోపుకున్నాడు. "అలాగే ఏలినవారు ఒక్కసారి ఆ సీమకు విజయం చేస్తే, వాళ్ళ నోళ్ళు అవే మూతపడతాయి."

"రండి," అన్నాడు ఖాన్ ముక్తసరిగా. "శత్రువొచ్చినా అన్నం పెట్టే ఇల్లు మాది."

బయట గుండన అతన్ని కలిసి, "ఖాన్‌గారూ, మీరేమీ చెయ్యొద్దు. మీ అతిథి మర్యాద ఒక్క వెంట్రుకవాసి తప్పకుండా పాటించండి," అని మాత్రం చెప్పాడు.

నెల తిరిగేసరికి రాజు కొండలెక్కాడు. ఊరి అతిథిశాల ముందు మొదటి వంది "రాజాధిరాజ" అన్నాడో లేదో, ఖాన్ చెయ్యెత్తి ఆపాడు.

"మా తెగలో మూడు రోజుల దాకా అతిథి పేరు అడగం. తెలిసినా పలకం. పేరు పలికితే గొప్పా తక్కువా తూచినట్టు. వచ్చిన దిక్కుతో పిలుస్తాం. రండి, ఆగ్నేయపు అతిథీ!"

రాజు నవ్వాడు. మొదటి రోజు కదా! గుర్రాలవాడితో ఒకే పళ్ళెంలో వేటమాంసం, రొట్టె తిన్నాడు. రుచి బాగానే ఉందట.

రెండో రోజుకు నవ్వు తగ్గింది. నిద్ర లేస్తే "ఆగ్నేయపు అతిథికి నీళ్ళు", కూర్చుంటే "ఆగ్నేయపు అతిథికి దిండు". వందులిద్దరూ పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నారు.

మూడో రోజు విలువిద్య పందెం. రాజు గొప్పలెన్ని చెప్పుకున్నా, గురి మాత్రం నిజమైనది. కొండ కొమ్మున పెట్టిన మట్టికుండను ఒక్క బాణంతో పగలగొట్టాడు. జనం గంతులేశారు. "ఆగ్నేయపు అతిథి కొట్టాడు!"

గెలిచినవాడికి శాలువా కప్పాలి. అయితే ఆ వేళే ఆగ్నేయం వైపు నుంచి కంచరగాడిదల మీద ఉప్పు వేసుకుని ఒక వర్తకుడు వచ్చి ఉన్నాడు. వెనకనున్న ముసలాయనకు ఆగ్నేయపు అతిథి ఎవరంటే అతనే తెలుసు. శాలువా తెచ్చి అతనికి కప్పాడు. శాలువా చూసి జనం వర్తకుణ్ణి భుజాలమీద ఎత్తుకున్నారు. పాపం, ఎందుకో తెలియకపోయినా అతను దణ్ణాలు పెట్టాడు.

"ఆగండి!" రాజు గావుకేక పెట్టాడు. "కొట్టింది నేను! నాకో పేరుంది! మా తాత పెట్టిన పేరు!"

గుండన నడుములోంచి తాటాకు తీసి తాపీగా చదివాడు. "దిక్కు తెలిసిన చాలును, పేరుతో పనిలేదు. ముద్ర ఏలినవారిదే."

ఖాన్ మెల్లిగా అన్నాడు: "నా తమ్ముడికీ పేరుంది అతిథీ. బర్యాలై. అదీ మా తాత పెట్టిందే."

రాజు చేతిలోని విల్లు కింద పెట్టాడు. ఒక్క కుండ పగలగొట్టిన పేరు పోతేనే తనకింత ఉక్రోషమైతే, ప్రాణమిచ్చినవాడి సంగతేమిటి? తాటాకు అందుకుని రెండుగా చించాడు.

"ముందు ఆ నలభై పేర్లూ రాతి మీద చెక్కండి," అన్నాడు. "సీమకు పేరూ పెడదాం. మరి లోయవాళ్ళ మాటేమిటి ఖాన్?"

"మా కొండలకు వాకిలైన స్పిన్ కనుమను వాళ్ళూ మేమూ కలిసే కాస్తున్నాం. కనుమ పేరు ముందు పెట్టండి. పఖ్తూన్‌ఖ్వా వెనక. అంటే పష్తూన్ల నేల. వెనక ఉంటే మాకేం చిన్నతనం లేదు, ఉండటమే కావాలి."

"స్పిన్ పఖ్తూన్‌ఖ్వా!" అని రాజు పైకి పలికి చూసుకున్నాడు. వర్తకుడింకా శాలువాతో భుజాలమీదే ఉన్నాడు. అతన్ని చూడగానే రాజుకు నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"గుండనా, నీకో మేలుజాతి గుర్రం. రాయసగాడా, రాసుకో: 'దక్షిణపు వరసలో కూర్చునేవానికి ఒక గుర్రము.'"

గుండన గతుక్కుమన్నాడు. "ప్రభూ! ఆ వరసలో పదకొండుమందిమి!"

"అయితే పేరు రాయమంటావా?" అంటూ రాజు మళ్ళీ నవ్వి, పేరే రాయించాడు.

నాలుగో నాడు ప్రయాణం. గడువు తీరింది గనక ఖాన్ స్వయంగా గుర్రం పక్కన నిలబడి ఎత్తుకున్నాడు: "రాజాధిరాజ, రణరంగభైరవ, అరిగజ..."

ఉప్పు వర్తకుడు గట్టిగా తుమ్మాడు.

ఖాన్ మళ్ళీ మొదటినుంచి ఊపిరి పీల్చుకుంటుంటే రాజు వంగి అతని భుజం తట్టాడు. "చాలు ఖాన్. ప్రతాపధవళుడు అంటే చాలు."