కాలవ గట్టు కిటికీ

గుమ్మలపాడులో మిగతా ఇళ్ళవాళ్ళకి ఎంతెంత తెలివి ఉందో గానీ, తమ ఇంట్లో మాత్రం ముగ్గురికీ కలిపి ముప్పై మంది తెలివి ఉందని సూరమ్మకి గట్టి నమ్మకం. ముగ్గురంటే ఎవరు? సూరమ్మ, ఆవిడ మొగుడు గంగరాజు, మరిది తాతబ్బాయి. ఏ పనైనా ముగ్గురూ కూర్చుని ఆలోచించాకే చేస్తారు. పోయిన వానాకాలం సంతలో కొత్త గొడుగు కొన్నారు. దారిలో వాన అందుకుంది. గొడుగు తడిస్తే పాడైపోదూ? అంతే, దాన్ని సూరమ్మ చీర చెంగులో చుట్టేసి, ముగ్గురూ నిలువునా తడుస్తూ ఇంటికొచ్చారు. గొడుగు మీద ఒక్క చుక్క పడలేదు. "వస్తువును ఎలా చూసుకోవాలో జనం మనల్ని చూసి నేర్చుకోవాలి" అని సూరమ్మ వారం రోజులు తుమ్ముతూనే మురిసిపోయింది.

అలాంటి సూరమ్మకి ఓ చిక్కు వచ్చిపడింది. కూతురు వరాలుకి ఎనిమిదో నెల. తొలి కానుపు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కదా. తొమ్మిదో నెల పడగానే పిల్లని తెచ్చుకుందామని సూరమ్మ పాత చీరలు ఉతికి, మెత్తటి బొంత కుట్టి సిద్ధంగా పెట్టుకుంది. పుట్టిన బిడ్డని మొట్టమొదట తనే ఆ బొంతలోకి తీసుకోవాలని ఆవిడ ఆశ. కానీ వియ్యపురాలు నరసమ్మగారు వచ్చి, పురిటి గది చూసి ముక్కు చిట్లించింది.

"ఇది గదేనా వదినగారూ, ధాన్యం కొట్టా? ఓ కిటికీ పెట్టించండి. శుక్రవారం మళ్ళీ వస్తాను. గాలీ వెలుతురూ ఉన్న చోటు చూపిస్తే పిల్లని పంపిస్తాను. లేదంటే పురుడు మా ఇంట్లోనే."

సూరమ్మ బొంత తడిమి చూసుకుంది. కుట్టిన బొంత అలా ఖాళీగా ఉండిపోతుందా? వెంటనే వడ్రంగి కోటయ్యాచారికి కబురు పెట్టింది.

ఆచారి నెమ్మదస్తుడు. "ఊచల కిటికీ ఉంది, అద్దాల కిటికీ ఉంది, పక్కకి జరిపేది ఉంది. తొందరపడకండమ్మా. ఓ పది ఇళ్ళు తిరిగి చూడండి. ఏ కిటికీ దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదో, అదే మీకు సరైన కిటికీ" అన్నాడు.

ఇంకేముంది! ముగ్గురూ ఓ పీట పట్టుకుని బయలుదేరారు. హెడ్మాస్టరు గారింట్లో అద్దాల కిటికీ దగ్గర పీట వేసి గంగరాజుని కూర్చోబెట్టారు.

"ఏమండీ, లేవబుద్ధి అవుతోందా?" అంది సూరమ్మ.

"అవుతోందే."

"అయితే వద్దు. లేవండి."

ఇలా నాలుగిళ్ళు తిరిగారు. ఐదో ఇంట్లో కిటికీ వంటింటి వైపు ఉంది. లోపల గారెలు వేగుతున్నాయి. అక్కడ కూర్చున్న తాతబ్బాయి ఎంతకీ లేవడే! "ఇదే వదినా! ఈ కిటికీ కమ్మగా ఉంది."

సూరమ్మ ముందు చూపున్న మనిషి. "బాలింత పథ్యం తినాలి తాతబ్బాయ్. గారెల వాసనొచ్చే కిటికీ పెడితే పిల్ల నోరు కట్టుకోగలదా?" అని మరిదిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

పదో ఇల్లు కాలవ గట్టు మీద పేరయ్యగారిది. పాత టేకు కిటికీ, పక్కనే కాలవ, కాలవలో బాతులు, చల్లటి గాలి. గంగరాజు కూర్చున్నాడు. "లేవబుద్ధి కావడం లేదు సూరమ్మా!" అంటూ అక్కడే కునుకు తీశాడు. పేరయ్యగారు వచ్చి తట్టి లేపాల్సి వచ్చింది.

"అలాంటిదే చేయించుకోండి" అన్నాడాయన.

"అలాంటిది కాదండీ, ఇదే కావాలి. ఆచారిగారు కొత్తది చేస్తే అందులో బాతులెక్కణ్ణుంచి తెస్తాడు?" అంది సూరమ్మ.

పేరయ్యగారు ఆవిడ వంక ఓసారి చూశాడు. ఆ ఇల్లు ఎలాగూ విప్పేసి డాబా వేసుకోబోతున్నాడు. "పట్టుకుపొండమ్మా" అన్నాడు, వచ్చే నవ్వు ఆపుకుంటూ.

మరి కిటికీ తీసుకెళ్ళేటప్పుడు అందులోని గాలి కారిపోతే? సూరమ్మ ముందే తలుపులు మూయించి, గడియ పెట్టించి, సందులన్నిటికీ బంకమన్ను మెత్తింది. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా పట్టుకుని పల్లకీలా మోశారు. సగం దారిలో తాతబ్బాయికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, లోపల బాతుల సద్దు లేదేమిటి?" అని గడియ తీసి చూశాడు. అవతల తుమ్మచెట్టు కింద ఓ గొర్రె!

"మూసెయ్, మూసెయ్! బాతులు దిగిపోయి గొర్రెలు ఎక్కేస్తున్నాయి!" అని అరిచింది సూరమ్మ.

గురువారం పొద్దున్నే ఆచారి, తాపీమేస్త్రీ కలిసి పురిటి గది గోడ కొట్టి కిటికీ బిగించి వెళ్ళారు. సూరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని తలుపులు తెరిచింది. ఎదురుగా పక్కింటి సత్తెమ్మ గేదె, తాపీగా నెమరేస్తూ.

"కాలవేది?" అన్నాడు గంగరాజు.

తాతబ్బాయి గేదె పొట్ట వంక చూశాడు. "తాగేసింది వదినా! మొత్తం తాగేసింది!"

అంతే, ముగ్గురూ సత్తెమ్మ మీదికి వెళ్ళారు. సత్తెమ్మ పాలచెంబు కింద పెట్టి, "అలాగా? అందుకే కాబోలు, ఈ పూట పాలు నీళ్ళగా ఉన్నాయి" అంది.

"ఒప్పుకుంది!" అన్నాడు తాతబ్బాయి.

గోల విని ఆచారి వెనక్కి వచ్చాడు. సంగతంతా విని తల పట్టుకున్నాడు. "తల్లీ, కిటికీలో ఏదీ ఉండదు. దాని అవతల ఏముంటే అదే కనబడుతుంది. కాలవ కనబడాలంటే కిటికీ కాలవ గట్టునే ఉండాలి" అని చెప్పి, ఇంకో మాటకి ఆగకుండా వెళ్ళిపోయాడు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అంది సూరమ్మ.

ఇంకేముంది! కిటికీ ఊడబెరికారు. గోడకి నిలువెత్తు కన్నం మిగిలింది. అందులోంచి ఎండ వచ్చి గది నిండా పడింది. గాలి రివ్వున వీచి సూరమ్మ జుట్టు రేగిపోయింది.

"అయ్యో, కన్నంలోంచి ఈ గాలేమిటి, ఈ ఎండేమిటి! రేపు వదినగారు చూస్తే ఏమనుకుంటారు? ముందు ఇటుకలు పెట్టి మూసెయ్యండి" అని కంగారు పడింది. చీకటి పడేలోగా గోడ ఎప్పట్లా అయిపోయింది.

శుక్రవారం నరసమ్మగారు వచ్చేసరికి కాలవ గట్టు మీద రెండు వెదురు గుంజలు, వాటి మధ్య తాళ్ళతో కట్టిన కిటికీ, దాని ముందు నులక మంచం, మంచం మీద బొంత. సూరమ్మ ఆవిణ్ణి తిన్నగా అక్కడికే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

నరసమ్మగారు కిటికీ వంక చూసింది. కాలవ వంక చూసింది. చుట్టూ చూసింది.

"గాలి ఉంది" అంది చివరికి నరసమ్మగారు. "వెలుతురూ ఉంది. కానీ ఒక్క లోపం."

"ఏమిటి వదినగారూ?"

"కిటికీకి తెర లేదు. పడవలో పోయేవాళ్ళకి బాలింత కనబడదూ?"

సూరమ్మ కళ్ళు చెమర్చాయి. తన సంగతేమో గానీ, కూతురు ఎంత తెలివైన ఇంట్లో పడింది!

ఇంతలో ఆకాశం కమ్ముకొచ్చి, టపటపా చినుకులు మొదలయ్యాయి. "చూస్తారేం అన్నయ్యగారూ, కిటికీ వెయ్యండి!" అంది నరసమ్మగారు. గంగరాజు తలుపులు మూశాడు. తాతబ్బాయి గడియ పెట్టాడు. సూరమ్మ గొడుగును బొంతలో చుట్టి మంచం కింద దాచింది. వాన జోరందుకుంది. నలుగురూ కిటికీ ముందు నిలబడి ముద్దయిపోతున్నారు.

"గడియ పెట్టాక కూడా ఇంత జల్లేమిటే?" అన్నాడు గంగరాజు.

నరసమ్మగారు మొహం తుడుచుకుని, కిటికీని కిందికీ పైకీ చూసి, "మనం బయట నిలబడ్డాం అన్నయ్యగారూ, లోపలికి పదండి" అంది.

అంతే, నలుగురూ గబగబా కిటికీ చుట్టూ తిరిగి అవతలి వైపుకెళ్ళారు. అటు గట్టు జానెడే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు జర్రున జారి మొలలోతు కాలవలో పడ్డారు.

నీళ్ళలోంచి నరసమ్మగారు తల పైకెత్తింది. "తొమ్మిదో నెల పడగానే పిల్లని పంపిస్తాను వదినగారూ. కానీ ఈలోగా ఆచారిని పిలిచి ఈ గది నేల కాస్త ఎత్తు చేయించండి."