చాప మీద తాళం

మార్కండేయులుకి తప్పిపోవడమంటే భయం.

ఊళ్ళో దారి తప్పిపోవడం గురించి కాదు. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడు, కళ్ళకి గంతలు కట్టినా పూర్ణా మార్కెట్ నుంచి ఇంటికి చేరగలడు. అతని భయమల్లా తాళంలో తప్పిపోతానని. చేతిలో ఫిడేలు ఉండగా, చుట్టూ డ్రమ్ములూ గిటార్లూ హోరెత్తిపోతుండగా, తాళంలో ఎక్కడున్నాడో తెలియకుండా పోతుందని.

అలా ఒకసారి నిజంగానే జరిగింది.

అతను వాయించే బ్యాండు పేరు 'ఇనుప తీగ'. దాన్ని పెట్టింది అతని గురువు గవరయ్య మాస్టారు. ఆయన కుర్రతనంలో కచేరీల్లో పాటగాళ్ళ పక్కన కూర్చుని ఫిడేలు వాయించేవారు. ఒకనాడు చాప మీంచి లేచి నిలబడ్డారు. ఫిడేలుకి కరెంటు వైరు తగిలించి రాక్ డ్రమ్ముల పక్కకి నడిచారు. మంచి విద్వాంసుడు చెడిపోయాడని విజయనగరంలో కొందరు తలలు పట్టుకున్నారు. కొన్నేళ్ళకి ఆ కొందరే, రాక్ సంగీతంలో ఫిడేలు పట్టినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెడితే మొదటి వేలు మా గవరయ్యదే అని చెప్పుకు తిరిగారు. ఆయన అప్పటి మాటా పట్టించుకోలేదు, ఇప్పటి మాటా పట్టించుకోలేదు.

ఆ బ్యాండు ఎక్కడికి వెళ్ళినా జనం పట్టుబట్టి వాయించమనేది 'ఏడున్నర' అనే వరస. ఏడున్నర దెబ్బలకి ఒక చుట్టు తిరిగే తాళం అది. పేరు వింటేనే శని పట్టినట్టుందని బ్యాండులో వాళ్ళే వేళాకోళం ఆడేవారు. దాని నడిమధ్యలో రెండుసార్లు, ఒకసారి గురువు కోసం, ఒకసారి శిష్యుడి కోసం, డ్రమ్ములు దెబ్బని దాచేస్తాయి. మిగతావాళ్ళు వాయించడం ఆపేస్తారు. ఫిడేలు ఒక్కటే తన ఇష్టం వచ్చినట్టు తిరిగి తిరిగి, ఇక వస్తున్నానని ఒక చిన్న గమకంతో చెప్పి, చుట్టు మొదలయ్యే దెబ్బ మీద దిగుతుంది. ఆ దెబ్బే సమం. అక్కడ అందరూ ఒక్కసారిగా విరుచుకుపడాలి. బయట తాళం వినపడకపోయినా లోపల లెక్క నడుస్తూనే ఉండాలన్నమాట.

ఎండాకాలంలో కాకినాడలో మార్కండేయులు అక్కడ తప్పిపోయాడు. దిగాల్సినదానికి అర దెబ్బ ముందు దిగాడు. సర్దుకోబోయి మరో చోట దిగాడు. ఆ తరవాత ఎటు చూసినా సమం దొరకలేదు. కమాను గాల్లోకి ఎత్తి అలా నిలబడిపోయాడు. జనం ఈలలు వెయ్యలేదు, గోల చెయ్యలేదు. ఎవరో ఒక మనిషి దగ్గాడంతే.

అప్పట్నుంచీ మార్కండేయులు చెవుల్లో ఆ దగ్గు పోలేదు.

ఆ రోజు నుంచి లెక్క పట్టుకున్నాడు. బస్సులో లెక్క, అన్నం ముందు కూర్చుంటే లెక్క, ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతూ లోపల లెక్క. వాయిస్తున్నప్పుడు బూటులో బొటనవేలు ఆడుతూనే ఉండేది. తప్పులు పోయాయి. వాటితోపాటు ఇంకేదో కూడా పోయింది. ఫిడేలు ఇప్పుడు పాఠం అప్పజెప్పే పిల్లాడిలా పలుకుతోంది. బ్యాండులో వాళ్ళు మంచివాళ్ళు కనక ఆ మాట అనలేదు. గవరయ్య మాస్టారు అసలేమీ అనలేదు. ఆ మౌనానికి మార్కండేయులు మరీ హడలిపోయాడు.

రాక్ డ్రమ్ముల పక్కన ఫిడేలు వాయించిన మహామహుల రికార్డులు, ఏ దేశానివైనా సరే, అతని దగ్గర లేనివి లేవు. ఇదివరకు వాటిని ఒళ్ళు మరిచి వినేవాడు. ఇప్పుడు దొంగని పట్టుకోవడానికి కూర్చున్నట్టు వింటున్నాడు. ఎక్కడైనా, ఒక్కచోటైనా, వాళ్ళు తప్పిపోయారేమో అని. ఒక్కచోటా దొరకలేదు. దాంతో అతనికి ఒకటి ఖాయమైపోయింది. వాళ్ళు వేరు, తను వేరు.

విశాఖలో కచేరీ రేపనగా గురువుగారింటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని కమాను తీగల మీద జారిపోకుండా దానికి రోజన్ అనే గుగ్గిలం ముక్క రాసుకుంటున్నారు. మార్కండేయులు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారూ, రేపు నేను వాయించలేను."

"జ్వరమా?"

"కాదండీ. భయం." అనేసి, ఇక ఆపుకోలేకపోయాడు. "కమాను పట్టుకుంటే చెయ్యి చల్లబడిపోతోందండీ. రేపే కాదు, ఇక ఎప్పటికీ వద్దనుకుంటున్నాను. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రావాళ్ళు రమ్మంటున్నారు. సినిమా పాటలు, కాగితం ముందు పెట్టుకుని వాయించొచ్చు."

గవరయ్య మాస్టారు రోజన్ ముక్కని గుడ్డలో చుట్టారు.

"'ఏడున్నర'లో రెండో తిరుగుడు నీది కదరా?"

"మీరే వాయించండి, రెండూ."

ఆయన తన ఎడమచేతి వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచారు. కీళ్ళు వాచి ఉన్నాయి. అందుకే ఆ రెండో తిరుగుడు శిష్యుడికి ఇచ్చారని మార్కండేయులుకి తెలుసు. సిగ్గుతో తల దించుకున్నాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"మాస్టారూ, పెద్ద పెద్దవాళ్ళెవరైనా ఎప్పుడైనా తప్పిపోయారాండీ?"

"నాకేటి తెలుసురా. వాళ్ళ పక్కన నేను లేను కదా."

"మీరో?"

గురువుగారు లేచి, లోపల్నుంచి ఒక పాత చాప తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఫిడేలు ఇంట్లో వదిలేసి రా. దీని మీద కూర్చుని నాకు తాళం వెయ్యి. అదైనా చేస్తావా?"

పాటకచేరీల్లో శిష్యులు గురువు వెనక కూర్చుని తొడ మీద తాళం వేస్తారు. మార్కండేయులు చిన్నప్పుడు చేసిన పనే. గండం గడిచిందనుకుని చాప చంకన పెట్టుకుని వచ్చేశాడు.

గండం గడవలేదని మర్నాడు సాయంత్రం స్టేజి ఎక్కాక అర్థమైంది. అన్ని వైర్ల మధ్య, అన్ని లైట్ల కింద, అందరూ నిలబడి ఉంటే తనొక్కడూ డ్రమ్ముల పక్కన చాప మీద మఠం వేసుకుని కూర్చోవాలి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రమ్ములు వాయించే ఇమ్మానుయేలు వంగి, "భోజనం ఎప్పుడు వడ్డించమంటావు?" అని కన్నుగీటాడు. మామూలు రోజైతే మార్కండేయులు ఘాటుగా ఏదో ఒకటి అనేవాడే. ఇవాళ చాప అంచు సర్దుకుంటూ ఉండిపోయాడు.

'ఏడున్నర' మొదలైంది. అతను తొడ మీద తాళం వేస్తున్నాడు. దెబ్బ, వేళ్ళు, దెబ్బ, విసురు, చివర్న ఆ అర. గురువుగారు జనం వైపు తిరిగి వాయిస్తున్నారు. ఇంతలో డ్రమ్ములు దెబ్బని దాచేశాయి. గిటార్లు ఊరుకున్నాయి. గురువుగారి ఫిడేలు ఒక్కటే మిగిలింది.

ఆ ముసలి వేళ్ళు వేగంగా కదల్లేదు. ఒక్క స్వరం పట్టుకున్నాయి. దాన్ని కిందికి జార్చి, మళ్ళీ పైకి తెచ్చి, అక్కడే ఊపుతూ నిలబెట్టాయి. ఆ వేళ్ళతో చెయ్యగలిగింది అంతే. హాలంతా ఆ స్వరం వెనకే పోయింది. మార్కండేయులు కూడా పోయాడు. ఎండాకాలం తరవాత మొదటిసారి అతని లోపల లెక్క ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో అతనికి తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తెలివొచ్చేసరికి చెయ్యి తొడ మీద కొట్టుకుంటూనే ఉంది. ఏ దెబ్బ కొడుతోందో తెలియదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. వెతుక్కున్నాడు. మూడా? ఐదా? అర అయిందా? ఏదీ అందలేదు. తల ఎత్తి చూస్తే, ఎన్నడూ లేనిది, గురువుగారు వాయిస్తూ వాయిస్తూ తన వైపే నడిచి వస్తున్నారు. చాప అంచు దగ్గర ఆగి, గడ్డం కింద ఫిడేలుతో అలాగే వంగి, శిష్యుడి చేతిని చూశారు.

చెయ్యి ఆపేస్తే తప్పిపోయానని ఒప్పుకున్నట్టే. ఆపకపోతే ఆయన్ని గోతిలోకి దించినట్టే. మార్కండేయులు ఆపలేదు. భయంతో మనిషి చేసే పని అదే. లెక్క ఖాయంగా తెలిసినవాడిలా ఇంకా గట్టిగా వేశాడు.

గురువుగారు వస్తున్నానని చెప్పే గమకం వాయించారు. ఇమ్మానుయేలు రెండు కర్రలూ పైకి లేపాడు. లేచిన కర్రలు గాల్లోనే ఆగిపోయాయి, ఎందుకంటే ఫిడేలు దిగలేదు. అసలైన సమం వచ్చి, ఎవరూ లేక, వెళ్ళిపోయింది. హాలులో గాలి కూడా ఆడలేదు. కాకినాడలో దగ్గిన మనిషి ఇక్కడికీ వచ్చి గొంతు సవరించుకుంటున్నాడని మార్కండేయులుకి అనిపించింది.

అతని అరచెయ్యి తొడ మీద పడింది.

దానితో పాటే, వెంట్రుకవాసి తేడా లేకుండా, గురువుగారి కమాను దిగింది. ఇమ్మానుయేలు కళ్ళు పెద్దవి చేసి, మరుక్షణంలో కర్రలు దించాడు. గిటార్లు వచ్చి మీద పడ్డాయి. ఎవరూ ఎదురుచూడని చోట అంతా ఒక్కటై మోగేసరికి, అదేదో కావాలని చేసిన గమ్మత్తు అనుకుని జనం చప్పట్లతో లేచారు.

వరస ప్రకారం తరవాత డ్రమ్ములవాడి వంతు. ఇమ్మానుయేలు ఒక్కడే వాయించుకుంటున్నాడు. గవరయ్య మాస్టారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి చాప మీద కూర్చున్నారు.

మార్కండేయులు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది.

"మాస్టారూ, నేను తప్పు చూపించానండీ! తాళం ఎప్పుడో పోయింది. తెలిసీ చెయ్యి ఆపలేదు."

"తెల్సురా."

"మీరూ తప్పిపోయారేమో అని..."

"లేదు. నా లెక్క నా దగ్గరే ఉంది."

"మరి సమం వదిలేసి అక్కడెందుకు దిగారు?"

గురువుగారు అతని వైపు చూశారు.

"నువ్వక్కడ ఒక్కడివే ఉన్నావు," అన్నారు.

గురువుగారు తన ఫిడేలు అతని ఒళ్ళో పెట్టారు. ఎవరినీ ముట్టుకోనివ్వని ఫిడేలు అది. కమాను కూడా ఇచ్చి, చాప మీద కాళ్ళు సర్దుకుని, ఇక లేచే పని లేనట్టు కూర్చున్నారు.

ఇమ్మానుయేలు ముగింపుకి వస్తున్నాడు. మార్కండేయులు లేచాడు. భయం పోయిందా అంటే, పోలేదు. వెలుతురులోకి నడిచి, గురువుగారి చెమటతో ఇంకా తడిగా ఉన్న ఫిడేలుని గడ్డం కింద పెట్టుకున్నాడు.

అందరూ కలిసి వాయించినంతసేపూ బాగానే ఉంది. కాలి బొటనవేలు దాని పని అది చేసుకుపోతోంది. ఆ చోటు వచ్చింది. డ్రమ్ములు దెబ్బని దాచేశాయి. గిటార్లు ఊరుకున్నాయి. అతనొక్కడే మిగిలాడు. జనంలో ఎవరో నిజంగానే దగ్గారు.

లెక్క చేజారింది. మార్కండేయులు గురువుగారి తాళం కోసం గిరుక్కున వెనక్కి తిరిగాడు.

గవరయ్య మాస్టారి చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. తాళం వెయ్యడం లేదు. ఆయన శిష్యుణ్ణి చూస్తున్నారు. పక్కన ఇమ్మానుయేలు కూడా కర్రలు సిద్ధంగా పట్టుకుని అతన్నే చూస్తున్నాడు.

మార్కండేయులు కాసేపు వాళ్ళని చూశాడు. కాలి వేలు ఆగిపోయింది. ఒక స్వరం పట్టుకుని, దాన్ని జార్చి, పైకి తెచ్చి, అది ఎటు పోతే అటు పోయాడు. చాలా దూరం పోయాడు. తరవాత, వస్తున్నానని చెప్పే గమకం వాయించాడు.

సమం ఎక్కడుందో అతనికి తెలియదు. కళ్ళు మూసుకుని కమాను దించాడు.

అందరూ అక్కడే ఉన్నారు.