కనుమ దిగనన్న పుల్లెద్దు

అనగనగా అనే మాట కూడా ఇంకా పుట్టని రోజుల్లో, పశువులు మాట్లాడితే మనుషులు నిలబడి వినేవారు. ఇప్పుడూ అవి మాట్లాడుతూనే ఉన్నాయి, మనకే తీరిక లేదు. ఆ రోజుల్లో శిలాపురమనే రాజ్యాన్ని ప్రతాపవర్మ అనే రాజు ఏలేవాడు.

రాజు మంచివాడే. కాకపోతే పందెమంటే చెవి కోసుకునేవాడు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తేల్చందే ఆయనకు అన్నం సయించేది కాదు. పొద్దున పొట్టేళ్ళకు పందెం, మధ్యాహ్నం మల్లులకు పందెం, ఏమీ దొరక్కపోతే వంటవాళ్ళకు పందెం. వంటవాళ్ళకు పందెం పెట్టిన రోజున కోటలో ఎవరికీ వేళకు భోజనం ఉండేది కాదు.

ఆ రాజు తన కోటకు కొత్త సింహద్వారం కట్టించాలనుకున్నాడు. అటొక నిలువు రాయి, ఇటొక నిలువు రాయి, పైన ఒక అడ్డ రాయి. మూడు రాళ్ళూ నల్లకొండ మీద చెక్కి సిద్ధంగా ఉన్నాయి. కోటేమో కొండ కింద ఉంది. నడుమ ఉన్నది కాకికనుమ ఒక్కటే. ఆ దారి ఎక్కితే ఆయాసం, దిగితే గండం.

రాళ్ళను ఎలా దించాలి అని రాజు అడిగి ఉంటే ఈ కథే లేదు. ఆయన అడిగింది వేరు. నా రాజ్యంలో బరువు లాగడంలో మొనగాడెవరు అని అడిగాడు. మూడు పరీక్షలు పెడతాననీ, నెగ్గినవారికి రాజ్యంలోని బరువుల పనంతా శాశ్వతంగా రాసిస్తాననీ దండోరా వేయించాడు.

పందేనికి మూడు పక్షాలు వచ్చాయి.

మొదటిది రాజుగారి గజశాల నుంచి వచ్చిన భద్రమనే ఏనుగు. నడిచే కొండలా ఉండేది. రెండోది కుబేరయ్య అనే వర్తకుడి ఎద్దుల జత. బండలాగుడు పందేల్లో వాటికి ఎదురు లేదు. కొమ్ములకు ఇత్తడి తొడుగులు, మెడనిండా గజ్జెలు, వీపున పట్టు గుడ్డ. డప్పు మోగితే చాలు, బాణాల్లా దూసుకుపోతాయి. అలా పోవడమే వాటికి నేర్పిన చదువు.

మూడోది సుంకన్న అనే బండివాడి జత. ఒకటి కర్రి, నోరులేనిది. రెండోది పుల్ల, నోరున్నది. సుంకన్నకు ఆ రెండెద్దులూ ఒక రాతిబండీ తప్ప వేరే ఆస్తి లేదు. ఊళ్ళో పుల్లను మొండి ఎద్దు అనేవారు. పుల్ల ఆ మాట విని చెవులు విదిలించి ఊరుకునేది.

మొదటి పరీక్ష కోట ముందరి ఇసుకలో జరిగింది. భద్రం బండరాయిని చేటను లాగినట్టు లాగేసింది. కుబేరయ్య ఎద్దులు డప్పులు మోగగానే ఉరికి రెండో స్థానంలో నిలిచాయి. పుల్లా కర్రీ సగం దూరం కూడా పోలేక ఆగిపోయాయి. జనం పడీపడీ నవ్వారు. పుల్లకు రోషం రాకపోలేదు. వచ్చిన రోషాన్ని గడ్డితోపాటు నమిలి మింగింది.

రెండో పరీక్ష ఖాళీ బళ్ళతో కనుమ ఎక్కడం. ఏనుగుకు బండి లేదు గనుక చక్రాల్లేకుండా నేలమీద జారే ఒక మోటు చెక్కబల్లను లాక్కుంటూ ఎక్కింది. ఈసారి కుబేరయ్య ఎద్దులు ముందు చేరాయి, భద్రం తరవాత చేరింది. పుల్ల ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి దారి చూసుకుంటూ ఎక్కింది. అందరికంటే చివరన చేరింది. సుంకన్నకు తల కొట్టేసినట్టయింది.

"ఏరా, ఏం పోగొట్టుకున్నావు? వెనక్కే చూస్తున్నావు" అని భద్రం వేళాకోళమాడింది.

"రేపు దిగవలసిన దారి కదా, చూసుకుంటున్నా" అంది పుల్ల.

ఇక మూడో పరీక్ష. తెల్లవారాక రాజు పరివారంతో సహా కొండమీదికి వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. తలా ఒక రాయి ఎక్కించుకుని కనుమ దిగాలి. చెక్కుచెదరకుండా రాయిని కోట చేర్చినవారే మొనగాళ్ళు. రెండు పరీక్షల్లోనూ వెనకబడ్డవారు గనుక మొదట దిగవలసింది సుంకన్నే.

బండిమీద రాయి ఎక్కింది. సుంకన్న అలవాటు చొప్పున ఒక మద్ది దుంగను దొర్లించుకొచ్చి, మోకుతో బండి వెనక కట్టబోయాడు. వాలులో దిగేటప్పుడు ఆ దుంగ నేలను గీరుకుంటూ వస్తుంది. బండి ముందుకు ఉరకబోతే అది వెనక్కి పట్టి ఉంచుతుంది. కొండదారి బండివాళ్ళు తరతరాలుగా చేసే పని అది.

కుబేరయ్య లేచి అడ్డుపడ్డాడు. పందెపు కట్టడి ఏమిటో గుర్తు చేశాడు. పూర్వం ఎవడో దొంగతనంగా వెనకనుంచి బండను తోయించి గెలిచాడట. అప్పటినుంచి ఏ పందెంలోనూ బరువు వెనక మనిషిగానీ తాడుగానీ ఉండకూడదు. రాజు ఆలోచించాడు. కట్టడి కట్టడే అన్నాడు. దుంగ తీసెయ్యమన్నాడు.

సుంకన్న ముఖం పాలిపోయింది. రాజుతో పేచీ అంటే కొరివితో తల గోక్కోవడమే. దుంగను పక్కకు దొర్లించేసి, కాడి దగ్గరికి వచ్చి ఎద్దును అదిలించాడు.

పుల్ల కదల్లేదు.

సుంకన్న బతిమాలాడు. కదల్లేదు. తోక మెలిపెట్టాడు. కదల్లేదు. ఆఖరికి దాని చెవి దగ్గర వంగి, "ఈ ఒక్కసారికి నా మాట వినురా నాయనా" అన్నాడు.

"మైలకి కూడా ఇదే మాట చెప్పావు" అంది పుల్ల.

మైల అంటే కర్రికి ముందు పుల్లతో కాడి మోసిన ఎద్దు. కిందటేడు వానలకు ముందు, సున్నం బస్తాలు త్వరగా దించాలని ఎవరో తొందరపెడితే, సుంకన్న దుంగ కట్టకుండా బండి దించాడు. రెండో మలుపులో బరువు వెనకనుంచి తోసుకొచ్చింది. మైల కాలు మడతపడి చక్రం కింద పడింది. ఆ చక్రం మైలమీదుగా పోవడం పుల్ల మెడ తిప్పుకోలేక పక్కనుంచే చూసింది. జోడు పోయిన దుఃఖం ఎంతటిదో జోడెద్దుకే తెలుసు.

రాజుకు ఇదంతా తెలియదు. తెలిసినా వింటాడని నేననుకోను. తన ఎదుట ఒక ఎద్దు మొరాయించిందన్నదే ఆయనకు కనిపించింది. చర్నాకోల తెప్పించాడు. వీపుమీద దెబ్బలు పడ్డాయి. తోలు చిట్లింది. పుల్ల నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడి ఉంది.

"ఎంతసేపు మొరాయిస్తావో చూస్తాను" అన్నాడు రాజు.

"కొట్టించండి దేవరా. వీపు మీరు కొట్టగలరు. అడుగు మాత్రం నేనే వెయ్యాలి, నేను వెయ్యను."

రాజుకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుగుంకేలోగా ఈ పొగరుబోతును కటికవాడికి అప్పగించమని ఆజ్ఞ వేశాడు. భటులు కాడి విప్పి, పుల్ల మెడకు కటికవాడి పలుపు తగిలించి, దారి పక్కన ఒక రాతికి కట్టేశారు. పుల్లకు భయం వేసింది. అయినా పొరపాటైందనీ దిగుతాననీ అనలేదు.

తరవాత భద్రం వంతు. ఆ చెక్కబల్లమీద రాయి పెట్టి తాళ్ళతో ఏనుగుకు కట్టారు. భద్రం ఎప్పటిలాగే తొండమెత్తి ముందుకు లాగింది. వాలు మొదలయ్యేదాకా అంతా బాగానే ఉంది. వాలు మొదలయ్యాక లాగవలసిన పనే లేకపోయింది. తాళ్ళు వదులయ్యాయి. వెనకనుంచి రాయి జారుకుంటూ వచ్చి భద్రం మడమలకు కొట్టుకుంది. పాపం, దానికి జన్మలో ముందుకు లాగడమే నేర్పారు. ఏం చెయ్యాలో తోచక ఘీంకరించి, తాళ్ళు తెంపుకుని, కుంటుతూ అడవిలోకి పరుగెత్తింది. రాయి లోయలో పడి ముక్కలైంది.

రాజు మీసం దువ్వుకోవడం మానేశాడు. కుబేరయ్య మాత్రం లోలోపల సంతోషించాడు.

"ఏనుగుకేం తెలుసు మహారాజా. ఇక నా ఎద్దుల్ని చూడండి" అని డప్పులవాళ్ళకు సైగ చేశాడు.

దారి పక్కనుంచి పుల్ల అరిచింది. "కుబేరయ్యా, దించితే దించావు, డప్పులు మాత్రం ఆపించు."

ఎవరు వింటారు? కటికవాడి పలుపు మెడలో ఉన్న ఎద్దు మాట అది. డప్పులు మోగాయి. మోగడంతోనే ఆ జత తమకు వచ్చిన చదువు అప్పజెప్పింది. వాలులో పరుగందుకుంది. వెనక రాయి తోసింది. తోసేకొద్దీ పరుగు పెరిగింది. తోలేవాడు ప్రాణభయంతో దూకేశాడు. రెండో మలుపు దగ్గర నొగ విరిగింది, బండి పల్టీ కొట్టింది, రాయి రెండు చెక్కలైంది. కాడి తాళ్ళు తెగబట్టి ఎద్దులు చావు తప్పించుకున్నాయి. వాటి మోకాళ్ళు మాత్రం ఎముక కనిపించేలా చీరుకుపోయాయి. కుబేరయ్య తలమీద చేతులు పెట్టుకుని ఏడ్చుకుంటూ కిందికి పరుగెత్తాడు.

ఆ కేకలు విని పుల్ల కళ్ళు మూసుకుంది. తన మాటే నెగ్గిందన్న సంతోషం దానికి రవ్వంత కూడా కలగలేదు.

మిగిలింది ఒక్క రాయి. రాజు ఆ రాయిని చూశాడు. తరవాత ఆ ఎద్దును కట్టి మరోసారి ప్రయత్నించమని సుంకన్నతో చెప్పాడు. ప్రాణం దక్కుతుందన్న ఆశ కూడా చూపించాడు.

సుంకన్న నేరుగా వెళ్ళి పుల్ల మెడలో పలుపు విప్పాడు. చిట్లిన వీపుమీద మెల్లగా చెయ్యి వేశాడు. తరవాత తీసి పారేసిన మద్ది దుంగను మళ్ళీ దొర్లించుకుని వచ్చాడు.

"కట్టడి తప్పుతుంది" అన్నాడు రాజు. కాని ఆ గొంతులో మునుపటి బిగువు లేదు.

"తప్పనివ్వండి దేవరా. దుంగ లేకుండా నా ఎద్దు దిగదు. దాన్ని నేనూ దిగమనను. కటికవాడికి ఇస్తే మా ఇద్దర్నీ ఇవ్వండి" అన్నాడు సుంకన్న.

పుల్ల తన యజమాని వంక చూసింది. మైల పోయిన నాటినుంచి దాని గుండెలో గడ్డకట్టిన కోపం ఆ క్షణాన కరిగింది. అప్పుడది రాజుతో ఇలా అంది: "మహారాజా, ఆ కట్టడి చదునైన నేలమీద పుట్టింది. వెనకనుంచి తోసేవాడుంటే అక్కడ మోసం. ఇక్కడ కొండే వెనకనుంచి తోస్తోంది. దాన్ని ఆపమని మీరు ఆజ్ఞ వెయ్యగలరా?"

రాజు మంచివాడని మొదటే చెప్పాను. కొంచెం ఆలస్యంగా మంచివాడు. తలదించుకుని, కట్టుకోమన్నాడు.

బండి కదిలింది. డప్పుల్లేవు, గజ్జెల్లేవు. దుంగ నేలను గీరుకుంటూ, దుమ్ము లేపుకుంటూ వెనక వస్తోంది. కాడి మెడమీదినుంచి కొమ్ములదాకా జారింది. పుల్లా కర్రీ వెనక్కి వాలి, అడుగులో అడుగు వేస్తూ దిగాయి. రెండో మలుపు వచ్చింది. మైల పడ్డ చోటు అదే. పుల్లకు దుఃఖం పొంగుకొచ్చింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. కాలు మాత్రం తడబడలేదు. బరువు తోస్తూనే ఉంది, అవి కాదంటూనే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక రాయి కోట ముందు దిగింది. వెనకే రాజూ పరివారమూ దిగి వచ్చారు. దాని అంచు కూడా విరగలేదు.

కుబేరయ్య అప్పటికీ ఊరుకోలేదు. కట్టడి తప్పినవాడు గెలిచినట్టు ఎలా అవుతుందని నిలదీశాడు. న్యాయం కోసం అందరూ రాజు వంక చూశారు. రాజు పుల్ల వంక చూశాడు.

"నువ్వే చెప్పు. బరువు లాగడంలో ఈ రాజ్యానికి మొనగాడివి నువ్వేనా?"

"కాదు మహారాజా. లాగడంలో భద్రమే గొప్ప, పరుగులో కుబేరయ్య ఎద్దులే గొప్ప. నేనీ రాయిని లాగనేలేదు. కొండ మమ్మల్నందర్నీ కిందికి లాగింది. నేను ఒప్పుకోలేదు, అంతే."

రాజు ముందుకు వచ్చి, ఆ ఎద్దు చిట్లిన వీపుకు తన చేత్తో మందు రాశాడు. బరువుల పని సుంకన్నకు రాసిచ్చాడు. దుంగ కట్టని బండి కాకికనుమ దిగరాదని కొత్త కట్టడి వేయించాడు. శిలాపురం సింహద్వారానికి మిగతా రెండు రాళ్ళనూ ఆ ఏడాదే మళ్ళీ చెక్కించారు, రెంటినీ పుల్లే దించింది.

పిల్లలూ, లాగమన్నప్పుడు లాగడం బలమే. లోకమంతా కిందికి లాక్కుపోతున్నప్పుడు రానని నిలబడడం అంతకు మించిన బలం.