పక్క ఊరి అమావాస్య

"గురువుగారూ, ఆ దమయంతి బడిలో ఉన్నదేమిటి, నా బడిలో లేనిదేమిటి?"

వైకుంఠరావు ఈ మాట అడిగేసరికి కూర్మనాథం పంతులుగారు పెరట్లో బీరపాదుకు పందిరి కడుతున్నారు. ఆయన ఏ ప్రశ్నకూ అక్కడికక్కడే జవాబు చెప్పే మనిషి కాదు. "సరే, చూద్దాం" అంటారు, అంతే. ఆ మాట వింటే శిష్యులకు దడ. ఏదో ఒక రోజు ఆ జవాబు తమ గుమ్మంలోకే వచ్చి నిలబడుతుందని వాళ్లకు అనుభవం.

పల్లెల్లో బడులు నడిపేవాళ్లను తయారుచేసే చిన్న గురుకులం ఆయనది. డెబ్బై దాటాయి. తన తర్వాత దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి ఇద్దరు శిష్యులకు రెండు ఊళ్లు అప్పగించారు. వైకుంఠరావుకు గెడ్డపాలెం. ఏరు సముద్రంలో కలిసే చోట చేపలు పట్టుకుని బతికే ఊరు. దమయంతికి దానికి రెండు కోసుల దూరంలో ఉన్న నేతవాళ్ల ఊరు, మగ్గాలపేట. పిల్లలకు బడి, పెద్దలకు అక్షరాలు, నెలకోసారి ఊరంతా కూడే చదువుల పండగ. ఏడాది గడువు. ఎవరి ఊరు చదువుకు అలవాటు పడితే గురుకులం వాళ్లది.

వైకుంఠరావు పంతులుగారిని పదేళ్లుగా అంటిపెట్టుకుని ఉన్నవాడు. దమయంతి నిన్నగాక మొన్న వచ్చింది. గురుకులం తనకే రాసిపెట్టి ఉందని అతని ధీమా. ఏ నెలలో ఏ పాఠమో, ఏ గంటకు ఏ పనో నాలుగు రంగుల్లో పటం గీసి బడి గోడకు తగిలించాడు. అందమైన పటం, నేనూ చూశాను. పది నెలలు తిరిగేసరికి ఆ పటం కింద పదకొండు మంది పిల్లలు మిగిలారు, అందులో సగం మంది కునికిపాట్లు పడేవాళ్లే. పెద్దల కోసం పరిచిన చాప మీద కోళ్లు తిరుగుతున్నాయి. అక్కడ మగ్గాలపేటలో జనం బడిలో పట్టక అరుగు మీద కూర్చుంటున్నారు.

ఇదంతా అతను ఎవరో చెబితే విన్నది కాదు. వారానికి రెండు రోజులు తన బడికి పెందలాడే తాళం వేసి, తలకు తువ్వాలు చుట్టుకుని మగ్గాలపేట వెళ్లేవాడు. దమయంతి బడికి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని గుమ్మం ముందున్న చెప్పుల జతలు లెక్కపెట్టేవాడు. ఒకసారి ఆరు జతలు తగ్గితే ఆ పూట అన్నం రుచిగా తిన్నాడు. ఎవరింట్లోనో పెళ్లని ఆ ఆరుగురూ రాలేదని మర్నాడు తెలిసింది, మళ్లీ ముఖం మాడిపోయింది. దీనికి వేరే పేరు పెట్టి గౌరవించడం నాకు ఇష్టం లేదు. అది కడుపుమంట. తనకు రానందుకు బాధ కొంత, ఆమెకు వచ్చినందుకు బాధ కొండంత.

"దమయంతి నోటు పుస్తకం అడిగి తెచ్చుకుని చూడు. ఆ తర్వాత చూద్దాం" అన్నారు పంతులుగారు, పందిరికి ముడి బిగిస్తూ.

అడిగితే దాచేస్తుందని వైకుంఠరావు అనుకున్నాడు. దాచేస్తే అతనికి కాస్త హాయిగానే ఉండేది. ఆమె మాత్రం "అదెంత భాగ్యం అన్నయ్యా, తీసుకెళ్లండి. మొదటి ముప్పై పేజీలూ తప్పకుండా చూడండి" అని చేతిలో పెట్టింది. దాంతో మరీ మండింది. నాకే పాఠం చెప్పేంతదయిందా అనుకున్నాడు. దారిలో ఆ ముప్పై పేజీలూ తిరగేస్తే అన్నీ ఇళ్ల గొడవలే. ఏ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఏ కోడలు ఏ వేళకు నూలు కండెలు చుడుతుంది, ఎవరికి తీరిక ఎప్పుడు. ఆడవాళ్ల కబుర్లని గబగబా దాటేశాడు. ముప్పై ఒకటో పేజీలో అసలు సరుకు దొరికింది. మగ్గాలపేట బడి వేళల పట్టిక! పెద్దలకు మధ్యాహ్నం రెండింటికి చదువు. చదువుల పండగ ప్రతి అమావాస్యకు, పొద్దున పదింటికి. అక్షరం పొల్లుపోకుండా దించుకున్నాడు. నాలుగు రంగుల పటం తీసేసి ఈ పట్టిక తగిలించాడు. వచ్చే అమావాస్యకు గెడ్డపాలెం చదువుల పండగ చూడటానికి రమ్మని పంతులుగారికి కబురు పెట్టాడు. ఈసారి నా గుమ్మం ముందు చెప్పులు దమయంతే లెక్కపెట్టుకుంటుందిలే అనుకున్నాడు.

అమావాస్య రోజు బడికి మామిడాకుల తోరణం కట్టాడు. ఎనభై మందికి చాపలు పరిచాడు. బిందె నిండా పానకం కలిపాడు. పంతులుగారు తొమ్మిదింటికే వచ్చి చాప మీద ఓ మూల కూర్చున్నారు. పది దాటింది, పదకొండూ దాటింది. రోజూ వచ్చే పదకొండు మంది పిల్లలు కూడా రాలేదు. వైకుంఠరావు గుమ్మంలోకీ లోపలికీ తిరిగి తిరిగి చివరికి ఉండబట్టలేక, "మగ్గాలపేటలో ఈపాటికి వందమంది కూర్చుని ఉంటారు" అనేశాడు. పంతులుగారు పానకం గ్లాసు కింద పెట్టారు.

అంతలో ఒక ముసలావిడ తడిసిన చీర మోకాళ్ల దాకా ఎగగట్టి, నెత్తిన చేపల గంపతో అటుగా వచ్చింది. తోరణం చూసి ఆగింది.

"ఏటి బాబూ, ఇయ్యాల పెళ్లేటి ఇక్కడ?"

"పెళ్లి కాదు, చదువుల పండగ. ఊరంతా ఏమైపోయారు?" అన్నాడు వైకుంఠరావు విసుగ్గా.

ఆవిడ అతనికేసి వింతగా చూసింది. "అమాస గదా బాబూ! పోటు పెద్దదొచ్చింది. సంద్రం ఏట్లోకొచ్చేసినాది. ఏటికడ్డంగా వల కట్టీసినారు, ఇప్పుడు నీరు తీస్తంది. మళ్లీ పోటొచ్చేలోగా సేప ఏరుకోవాల. ముసలీ ముతకా పిల్లా పాపా అందరం నీళ్లల్లోనే ఉన్నాం. అమాసకీ పున్నానికీ మా ఊర్ల ఇళ్లకాడ ఎవులుంటారు? నువ్వొచ్చి ఏడాదవతంది, నీకు తెల్దేటి?"

గంప సర్దుకుని ఆవిడ వెళ్లిపోయింది.

తర్వాత పంతులుగారు మామూలుగా అడిగారు. "మగ్గాలపేటలో పండగ అమావాస్యకే ఎందుకు పెట్టారు నాయనా?"

వైకుంఠరావు తడుముకోలేదు. "ఆ రోజు నేతవాళ్లు మగ్గం ముట్టరండి. ఇంటిల్లిపాదికీ తీరిక."

"మధ్యాహ్నం రెండింటికి ఎందుకు?"

"పొద్దుటి నేత ఆపి భోంచేస్తారు. మళ్లీ నాలుగింటికి గానీ మగ్గం ఎక్కరు."

"అక్కడ చూపు ఆనని పెద్దాయన ఒకరు వస్తారట."

"చింతాడ అప్పలస్వామి. ముందు వరసలో, కిటికీ పక్కన కూర్చుంటాడు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆ పిల్ల పేరు హైమ, రెండో తరగతి."

అతను చెబుతుంటే పంతులుగారి ముఖం నిజంగానే విప్పారింది. "బాగా తెలుసుకున్నావు" అన్నారు. "ఇప్పుడు మనతో మాట్లాడిన ముసలావిడ ఇల్లెక్కడ?"

వైకుంఠరావు గుమ్మంలోంచి ఏటి గట్టు వైపు చూశాడు. బడి వెనక కిటికీలోంచి గంప దింపిన చప్పుడు వినిపించింది. తొంగిచూస్తే ఆవిడ బడి గోడను ఆనుకున్న పాకలో చేపలు కుమ్మరిస్తోంది. పది నెలలుగా ఆ గోడకు ఇవతలే అతను పాఠాలు చెబుతున్నాడు. ఆవిడ పేరు అతనికి తెలియదు. ఆవిడకు మనవలున్నారో లేదో, ఉంటే తన బడికి వస్తున్నారో లేదో అతనికి తెలియదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గులో కూడా, ఇలాంటిది దమయంతికి జరిగి ఉండేది కాదన్న బాధే ముందు పొడుచుకొచ్చింది.

పంతులుగారు లేచి పంచె మోకాళ్ల పైకి దోపుకున్నారు. ఏటి వైపు నుంచి జనం కేకలు వినిపిస్తున్నాయి. ఆయన చెప్పులు అక్కడే వదిలేసి గుమ్మం దిగారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, శిష్యుడి ముఖంలోకి చూసి అన్నారు:

"మగ్గాలపేటకు ఇద్దరు పంతుళ్లు అయిపోయారు నాయనా. గెడ్డపాలేనికి ఒకరు కావాలి. నీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పు."