పల్లకీలో భూభారం

రెండు కొండల నడుమ తుమ్మెదకోట అని ఒక రాజ్యం ఉండేదట. దాని రాజు ఉదయకేసరి. మనిషి మంచివాడే, ప్రజలంటే ప్రేమ ఉన్నవాడే. కాని తన మాట తనకే మహా ముద్దు. ఏదైనా కొత్త ఆలోచన తోచిందంటే అది శాసనం అయ్యేదాకా ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ రాజుకు తాంబూలం అందించే పని మల్లసానిది. తమలపాకుల పెట్టె చంకన పెట్టుకుని ఆమె ఎప్పుడూ ఆయన వెంటే ఉండేది. కొలువులో సింహాసనం పక్కన నిలబడేది, ప్రయాణాల్లో పల్లకీ పక్కన నడిచేది. రాజును పసివాడుగా ఉన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి కనుక, మిగతావాళ్ళు అనలేని మాట ఆమె అనగలిగేది. అయితే ఎప్పుడు అనాలో చూసుకుని మరీ అనేది.

ఒకనాడు రాజుగారి దృష్టి జీతాల మీదికి మళ్ళింది.

"మన కొలువులో ఒకడు చెమటోడుస్తున్నాడు, ఒకడు కూర్చుని తింటున్నాడు. ఇది ధర్మం కాదు. ఇకనుంచి ఎవరు ఎంత భారం మోస్తే వారికి అంత జీతం!" అన్నాడు.

ఈ కబురు పల్లకీ మోసే బోయీల చెవిన పడింది. వాళ్ళ పెద్ద పోలయ్య భుజం తడుముకుని, "ఇన్నాళ్ళకు దీని మొహం చూసేవాడు దొరికాడురా" అని సంబరపడ్డాడు.

మర్నాడు సభలో ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ముందుగా మంత్రి సోమనామాత్యుడు వచ్చాడు. "రాజ్యభారమంతా నా నెత్తిమీదే ప్రభూ. చూడండి, నడుం ఎలా వంగిపోయిందో" అని మూలిగాడు. ఆయన జీతం రెట్టింపయింది. కోశాధికారి, బాధ్యతల భారంతో మెడ తిరగడం లేదన్నాడు. ఆస్థాన పండితుడు, శాస్త్రాల భారం వల్ల తల దిండు మీద ఆనడం లేదన్నాడు. ఎవరు ఎంత గట్టిగా నిట్టూరిస్తే వారికి అంత పెరిగింది.

రాజవైద్యుడు చెన్నంభట్టుకు మాత్రం ఆ విద్య రాదు. "నాడి పట్టుకోవడంలో భారమేముంది ప్రభూ? వేలికొసలతో చేసే పని" అన్నాడు. ఆయన జీతం తగ్గించారు.

చివరికి బోయీల వంతు వచ్చింది.

"మీరు మోసేది ఏమిటి?" అన్నాడు రాజు.

"పల్లకీ ప్రభూ. అందులో తమరు."

"అంటే కాస్త కర్ర, ఒక మనిషి. అదీ అందరూ కలిసి. మరి నేనో? ఈ భూభారమంతా ఒక్కణ్ణే మోస్తున్నాను. నా ముందు మీదీ ఒక బరువేనా?"

బోయీల జీతం సగానికి సగం తెగిపోయింది. పోలయ్య దణ్ణం పెట్టి బయటికి వచ్చేశాడు. మల్లసాని అంతా విని, రాజుకు ఇంకో తమలపాకు చిలక చుట్టి అందించింది.

ఆ సాయంత్రం ఆమె పల్లకీశాలకు వెళ్ళింది. పోలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య ఉప్పుమూట వెచ్చజేసి భుజానికి కాపడం పెడుతోంది. మిగతా బోయీలు మూటాముల్లే సర్దుకుంటున్నారు.

"రేవుపట్నం పోతున్నామమ్మా. అక్కడ ఓడలకు మూటలు మోస్తాం. మూటలైతే మోసినంతసేపూ మమ్మల్ని ఏమీ అనవు" అన్నాడు పోలయ్య.

"పోదురుగాని. పోయేముందు ఒక్క ప్రయాణం చెయ్యండి. ఎల్లుండి రాజుగారు మేనకోడలి పెళ్ళికి బయలుదేరుతున్నారు. ఆయన పల్లకీ ఎక్కబోయేటప్పుడు నేను చెప్పిన మాట అనగలవా?" అంటూ అతని చెవిలో ఏదో చెప్పింది.

పోలయ్య గతుక్కుమన్నాడు. "తల తీయించేస్తాడమ్మా!"

"అంత కోపం వస్తే ముందు నా తలే దొరుకుతుందిలే. పక్కనే ఉంటాను కదా."

పోలయ్య భార్య కాపడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది. "అడుగు. అడిగి పోదాం. అడక్కుండా పోతే అక్కడ నీకు నిద్ర పట్టదు" అంది.

ప్రయాణం రోజు వచ్చింది. కోట వాకిట జనమంతా చేరారు. రాజు పట్టుబట్టలు కట్టి, నగలు పెట్టుకుని పల్లకీ దగ్గరికి వచ్చాడు. తెల్లవారితే ముహూర్తం. మేనమామ లేకుండా ఆ పెళ్ళి జరగదు.

పోలయ్య చేతులు జోడించి ఎదురుగా నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక మనవి. మాకు జీతం కట్టింది కాస్త కర్రకీ, ఒక మనిషికీ. తమరేమో భూభారం కూడా మోస్తున్నారాయె. దాన్ని ఇక్కడ దించేసి ఎక్కితే, పల్లకీ ఎత్తుతాం."

రాజు మొహం ఎర్రబడింది. "ఎవరురా నీకు ఈ మాట నేర్పింది?"

"నేనే ప్రభూ" అంది మల్లసాని. "తప్పయితే చెప్పండి, దిద్దుకుంటాం. భూభారాన్ని తమరు మోస్తున్నారు. తమరిని వీళ్ళు మోస్తున్నారు. తమరు పల్లకీలో కూర్చున్నంతసేపూ ఆ భూభారం ఎవరి భుజాల మీద ఉన్నట్టు?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వబోయి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

రాజు కాసేపు మీసం మెలేశాడు. "సరే! పెళ్ళికి పోతున్నాను కనుక దించేశాననుకోండి. ఎత్తండి."

"దించి ఎక్కడ పెడతారు ప్రభూ? తక్కిన మూటలైతే నేలమీద పెట్టవచ్చు. నేలనే దించాలంటే ఎక్కడ పెడతాం? ఎవరి నెత్తికైనా ఎత్తాలి. ఎవరు మోస్తే వారికే జీతమని తమ శాసనం. ఇక తమ భోగాలన్నీ వారికే చెందుతాయి" అంది మల్లసాని.

సోమనామాత్యుడు ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. "నేను మోస్తాను ప్రభూ! ఎంతకాలమైనా సరే!"

రాజు ఆయన్ను ఎగాదిగా చూశాడు. మొన్న వంగిన నడుం ఇవాళ నిటారుగా ఉంది.

"రాజ్యభారానికే నడుం విరిగిందన్నావు కదయ్యా. నువ్వు వెనక్కి నిలబడు" అన్నాడు. మంత్రి తలదించుకుని వెనక్కి తగ్గాడు.

రాజు పల్లకీ పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. "మల్లసానీ, బాగా ఇరికించావు. దించలేను, మోస్తూ ఎక్కలేను. అందరికీ న్యాయం జరగాలనే కదా ఆ శాసనం చేశాను. తప్పెక్కడ పోయింది?"

ఆమె గొంతు తగ్గించింది. "ఆలోచన మంచిదే ప్రభూ. కాని ఆనాడు సభలో బరువులు తూగలేదు, మాటలు తూగాయి. నిట్టూర్పులు వచ్చినవాళ్ళకు జీతం వచ్చింది. రాణిగారికి జ్వరం వచ్చినప్పుడు చెన్నంభట్టుగారు మంచం దగ్గరనుంచి లేవలేదు. ఆ వేలికొసల వెనక ఆయన పడుచుతనమంతా చదువుకే పోయింది. అదీ భారమే, చెప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. ఇక వీళ్ళంటారా, తమరు పల్లకీ లోపల ఉంటారు కనుక వీళ్ళ భుజాలు ఎన్నడూ తమ కంట పడలేదు."

రాజు పోలయ్యను దగ్గరికి రమ్మన్నాడు. పైబట్ట తీయమన్నాడు. భుజం మీద కాచిన కాయ కొమ్ములా గట్టిపడి, మధ్యలో పగిలి ఉంది. రాజు వేలితో తాకబోతే పోలయ్య నొప్పికి ముందే పళ్ళు బిగించాడు. రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తరవాత తన ఉత్తరీయం పక్కకు జరిపి, తన భుజాన్ని తనే చూసుకున్నాడు. నున్నగా, పసుపు ఛాయలో మెరుస్తోంది.

"భూమినంతా మోస్తున్నవాడి భుజం మీద చిన్న గీత కూడా లేదేమిటే మల్లసానీ!" అని ఉండి ఉండి పకపకా నవ్వాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన వాకిలంతా ఆయనతోపాటు నవ్వింది.

బోయీలకు పాత జీతానికి మరో సగం కలిపి ఇమ్మనీ, వైద్యుడికి తగ్గించినది వెనక్కి ఇచ్చి పైన ఇంకొంత కలపమనీ అక్కడే చెప్పాడు. నిట్టూర్చినవాళ్ళ పని తాను తిరిగివచ్చాక స్వయంగా దగ్గరుండి చూస్తానన్నాడు. ఆ మాటకు కోశాధికారి మెడ చటుక్కున తిరిగింది.

పల్లకీ లేచింది. ఆనాడు బోయీలు నడిచిన నడకకు మేళగాళ్ళు పరుగెత్తవలసి వచ్చిందట.

పెళ్ళిలో, పురోహితుడు పిలవగానే మేనమామలు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాలి కదా. రాజు ఒకవైపు, ఆయన పినతండ్రి కొడుకు ఒకవైపు పట్టారు. పిల్ల కాస్త పుష్టిగా ఉంది, పైగా తలనుంచి పాదాలదాకా బంగారం. నాలుగడుగులు వేసేసరికి రాజు మోకాళ్ళు వణికాయి, తలపాగా కళ్ళమీదికి జారింది.

"మామయ్యా, దించేయండి, నడిచి వస్తాను" అని గంపలోంచి గుసగుసలాడింది పిల్ల.

పందిరి చివర నిలబడిన పోలయ్య ఉండబట్టలేకపోయాడు. "ఊపిరి బిగబట్టకండి ప్రభూ! అడుగు కలపండి!" అని కేకేసి, ఓహోం అని పల్లకీ మోసేటప్పటి పాట అందుకున్నాడు. బోయీలంతా గొంతు కలిపారు. రాజు ఆ ఊపుకు అడుగులు కలుపుతూ, ఎలాగో గంపను పీటల దగ్గర దించాడు.

చెమట తుడుచుకుంటూ వచ్చి మల్లసాని పక్కన నిలబడ్డాడు. మెడలోని హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పోలయ్య వాళ్ళకు నేను పెంచింది చాలదే మల్లసానీ. ఇంటికి వెళ్ళాక గుర్తుచెయ్యి."

"ఇప్పుడే గుర్తుచేస్తున్నాను ప్రభూ. ఇంటికి వెళ్ళేసరికి తమ భుజం నొప్పి తగ్గిపోతుంది" అంది మల్లసాని.

రాజు నవ్విన నవ్వుకు పందిట్లో మేళం ఒక్క క్షణం ఆగిపోయిందట. బోయీల జీతం మాత్రం ఇంటిదాకా ఆగలేదు. తలంబ్రాలు పడేలోపే పెరిగింది.